సముద్రం కుడిపక్కనే ఉండాలి

బనీ ఊరి నుంచి రాజధానికి తిరిగే బస్సుల్లో నెరెయ్‌దా బాయెస్ బస్సుకు నిద్రపుచ్చే బస్సని పేరుండేది. అందులో ఎక్కినవాళ్లు ఎక్కినట్టే నిద్రపోయేవాళ్లు. ఆమె బ్రేకు వేసినా, మలుపు తిప్పినా ఒళ్లో పెట్టుకున్న కాఫీ గ్లాసు తొణికేది కాదు. తోటి డ్రైవర్లు ఆ మాట మెచ్చుకోలుగానే అనేవాళ్లు. నెరెయ్‌దాకు మాత్రం విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. ఇన్నేళ్లూ తను చేసింది జనాన్ని జోకొట్టడమేనా?

అదేమంత చూడదగ్గ దారి కూడా కాదు. రాజధాని దాకా నాలుగు వరసల రోడ్డు, సిమెంటు గోడలు, టైర్ల కొట్లు. పొద్దున ఒకవైపు, సాయంత్రం ఇంకోవైపు. ముప్ఫై సీట్ల ఆ జపాన్ మినీబస్సులో ఆమె స్టీరింగు ముందుంటే, ఆమె మొగుడు తొమసీన్ తలుపు దగ్గర వేలాడుతూ జనాన్ని కేకలేసి ఎక్కించేవాడు. డ్రైవర్ల సంఘంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. మొదట్లో వెక్కిరించిన మగవాళ్లు తర్వాత అలవాటు పడిపోయారు. ఒక్క చిచీ పుమరోల్ తప్ప.

నెరెయ్‌దా తండ్రి మామిడికాయల లారీ నడిపేవాడు. సరుకు దించి ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుంటూ దారుల కబుర్లు చెప్పేవాడు. ఫలానా కొండ మీద ఒక పక్క ఎండ, ఇంకో పక్క వాన. ఫలానా మలుపు తిరిగితే మబ్బు లారీ లోపలికే వచ్చేస్తుంది. పిల్ల నోరు తెరుచుకుని వినేది. నన్నూ తీసుకెళ్లు నాన్నా అంటే, లారీలో ఆడపిల్లేమిటే అని నవ్వేసేవాడు. ఆ కోరిక తీరకుండానే ఆయన పోయాడు. ఆమెకు బండి నేర్పింది అబెలార్దో తాత. ఆయన లాస్ సలీనాస్ దగ్గర ఉప్పుమడుల్లో పనిచేసేవాడు. చెట్టూ చేమా లేని ఆ తెల్లటి మైదానంలో ఉప్పు మోసే పాత వ్యాను ఆ పిల్ల చేతికిచ్చి, గుద్దుకోడానికి ఇక్కడ ఏముంది గనక, తోలుకో అన్నాడు.

ఆ అబెలార్దో తాతే ఒకరోజు బస్సులో ఆమె వెనక సీట్లో కూర్చుని, తను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా చలి ఎలా ఉంటుందో ఎరగనని చెప్పాడు. ఫిర్యాదు చెయ్యలేదు, ఊరికే చెప్పాడు. కొన్‌స్తాన్సా కొండల్లో పొద్దున్నే నోట్లోంచి పొగ వస్తుందట కదా అమ్మాయ్, నిజమేనా అని అడిగాడు. నెరెయ్‌దాకూ తెలియదు. ఇరవై నాలుగు గంటలూ రోడ్డు మీదుండే మనిషి, ఆమే చూడలేదు.

ఆ వారం నుంచి సోమవారం సెలవులన్నీ గాలికెగిరిపోయాయి. మొగుడూ పెళ్లాం ఖాళీ బస్సేసుకుని దేశం మీద పడ్డారు. తొమసీన్‌కు ఎత్తు ప్రదేశాలంటే భయం. కొండదారి ఎక్కగానే కళ్లు మూసుకుని సీటు అంచు పట్టుకునేవాడు. ఇంటికొచ్చాక నెరెయ్‌దా భోజనాల బల్ల మీద చిక్కుడు గింజలు పోసి దారులు పేర్చేది. ఇది నాగ్వా, ఇది మోకా, ఇది కనుమ. వండబోయే గింజలు కావడంతో మర్నాటికి దేశం కుండలోకి వెళ్లిపోయేది. వారం తిరిగేసరికి మళ్లీ కొత్త గింజలు, కొత్త దారి.

ఆమె వెతుకుతున్నది ఊరికే అందమైన చోట్లు కావు. అందమైన చోట్లు ఎవరైనా చెబుతారు. ఏది ముందు రావాలి, ఏది వెనక రావాలి అన్నదే ఆమె గొడవ. ఉత్తర తీరం దారిలో మొదటిసారి వెళ్లినప్పుడు పడమటి నుంచి తూర్పుకు నడిపింది. అక్కడ బళ్లన్నీ రోడ్డుకు కుడిపక్కగా పోవాలి, సముద్రమేమో ఎడమ పక్కనుంది. ఎదురొచ్చే లారీలు మాటిమాటికీ దాన్ని కప్పేస్తున్నాయి. కబ్రేరా దాకా వచ్చి ఆమె బస్సు ఆపేసింది. కాసేపు స్టీరింగు మీద వేళ్లతో తాళం వేసి, బండి వెనక్కి తిప్పి, వచ్చిన దారినే మళ్లీ పడమటికి పోనిచ్చింది. ఈసారి సముద్రం కుడి పక్కకొచ్చింది. కిటికీకీ నీళ్లకూ మధ్య అడ్డమేమీ లేదు. కొండచరియ అంచున రోడ్డు, కింద కొబ్బరిచెట్ల తలలు, ఆ కింద నీలం.

"మనం ఈ దారిని ఇందాకంతా తలకిందులుగా చదివాం" అంది.

"తలకిందులుగా చదివినా డీజిలు నిటారుగానే తాగుతుంది" అన్నాడు తొమసీన్. కానీ తల కిటికీ బయటే ఉంది.

హమావో కొండదారి కూడా అంతే. మోకా వైపు నుంచి వస్తే సిబావో లోయ వీపు వెనక ఉండిపోతుంది. సముద్రం వైపు నుంచి ఎక్కితే కొండ తప్ప ఏమీ కనబడదు. ఎక్కి, ఎక్కి, జనం విసుగెత్తే వేళకు కనుమ దాటి ఒక్క మలుపు తిరుగుతుంది. అప్పుడు లోయ మొత్తం ఒక్కసారి కాళ్ల కింద పరుచుకుంటుంది. అక్కడికి సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడే చేరాలి. అలా దారి దానంతటదే కుదురుకుంది. రాజధాని దాటి పామాయిల్ తోటల మధ్య నుంచి ఈశాన్యానికి, నాగ్వా నుంచి తీరం వెంబడి పడమటికి, హమావో మీదుగా కొండెక్కి లోయలోకి దిగి, రాత్రికి హరబకోవా. మర్నాడు కొన్‌స్తాన్సా, అక్కణ్ణుంచి కసబీతో కనుమ మీదుగా కిందికి, ఇంటికి. ఇది కుదిరిన రోజున నెరెయ్‌దాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

బనీలో ఏటా జూన్‌లో సెలవు కలిసొచ్చిన వారాంతానికి జనం బస్సులు కట్టుకుని విహారానికి పోతారు. విహారమంటే బీచి. ఐసుపెట్టెలు, బీర్లు, లౌడుస్పీకరు, పొద్దున్నే పోయి ఒళ్లు కాల్చుకుని రావడం. ఆ బేరమంతా చిచీ పుమరోల్‌ది. అతనికి పెద్ద బస్సుంది, దాని నడినెత్తిన స్పీకర్లున్నాయి, అతనికి నోరుంది. నెరెయ్‌దా రెండురోజుల కొండల విహారం అని బస్టాండులో అట్టముక్క కట్టేసరికి ఆ నోరు ఊరుకోలేదు.

"ఏమక్కా, ఎక్కడికీ పోని విహారమటగా. డబ్బులిచ్చి నీ సీట్లో కూర్చోవాలి, కూర్చున్నందుకు రోడ్డు చూపిస్తావు. రోడ్డు మా ఇంటి ముందు కూడా ఉందే."

"మీ ఇంటి ముందున్నది నువ్వు తాగి పడుకునే రోడ్డు. నేను చూపించేది వేరే" అంది నెరెయ్‌దా, టైర్లలో గాలి చూసుకుంటూనే.

బస్టాండంతా నవ్వింది గానీ సీట్లు మాత్రం సగం కూడా నిండలేదు. అబెలార్దో తాత అందరికన్నా ముందు పేరిచ్చాడు. తర్వాత కుట్టుమిషను ఫ్రెదెస్విందా వచ్చింది. ఆమె మొగుడు పోయి చాలాకాలమైంది. ఊరందరి పెళ్లిబట్టలూ ఆమే కుట్టింది. ఆమె నోటికి ఊరంతా జడుస్తుంది. ఎందుకొస్తున్నావమ్మా అంటే, ప్రతి ఏడూ బీచికి పోయి ఇసుక దులుపుకుని దులుపుకుని చాలైందని చెప్పింది. ఇంకో డజను మంది మొహమాటానికి చేరారు.

బయల్దేరే రోజు తెల్లవారకముందే బస్టాండులో గోల. చిచీ పెద్దబస్సు గేర్లు విరిగిపోయి కదలనంది. అతని జనంలో కొందరు తిట్టుకుంటూ ఇళ్లకు పోయారు. మిగిలినవాళ్లు ఐసుపెట్టెల మీదే కూర్చుని చిచీ మొహం చూస్తున్నారు. అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని నెరెయ్‌దా కిటికీ దగ్గరకొచ్చాడు. టైరును కాలితో తట్టాడు.

"అక్కా, నీ బస్సులో ఖాళీలున్నాయి కదా."

వెనక సీట్లోంచి ఫ్రెదెస్విందా అందుకుంది. "ఉన్నాయి నాయనా. ఎక్కడికీ పోని బస్సులో ఎప్పుడూ ఖాళీలుంటాయి."

నెరెయ్‌దాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నీళ్లలో దిగడానికి వాళ్లకు సముద్రం దొరుకుతుందని, అయితే తను హారను కొట్టగానే బస్సెక్కాలని షరతు పెట్టింది. చిచీ ఒప్పుకున్నాడు. ఐసుపెట్టెలు కాళ్ల కిందికి, స్పీకరు బస్సు నెత్తి మీదికి వెళ్లాయి. చిచీ తొమసీన్ పక్కన మడతసీటు వేసుకున్నాడు. బస్సు కిక్కిరిసిపోయి బనీ దాటుతుంటే నెరెయ్‌దా మాటిమాటికీ అద్దంలో వెనక సీట్లు చూసుకుంటోంది. బస్సులో ఒక్కరూ నిద్రపోవడం లేదు.

నాగ్వా ముందు సముద్రం కనబడగానే కుడిపక్క కిటికీలన్నీ తలలతో నిండిపోయాయి. ఎడమపక్కవాళ్లు లేచొచ్చి కుడిపక్కవాళ్ల భుజాల మీద వాలారు. కబ్రేరా దగ్గర ఒక చిన్న బీచి ఉంది. దాని నీళ్లు మోకాలి లోతు నుంచి చాలా దూరం వరకూ పెరగవు, రంగు మాత్రం కడిగిన గాజులా ఉంటుంది. అక్కడ దింపింది. ఆ పక్క పాకలో కొబ్బరిపాలలో ఉడికిన చేప తిన్నారు. బనీ నుంచి తెచ్చిన పాలకోవా పంచుకున్నారు. అంతా బాగానే ఉంది. హారను కొట్టాకే తంటా వచ్చింది.

చిచీ జనం నీళ్లలోంచి లేవలేదు. ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది, ఇక్కడే ఉందాం, సాయంత్రం ఇంటికి పోదాం అన్నారు. చిచీ ఒడ్డున నిలబడి చేతులూపాడు. అతని మాట ఎవరూ వినలేదు. నెరెయ్‌దా ఎండవైపు చూసింది. ఇంకో గంట ఇక్కడ పోతే కనుమ మీదికి చీకటితోనే చేరతారు. ఏడాదంతా గింజలు పేర్చి కట్టుకున్న దారి కళ్ల ముందే కరిగిపోతుంటే ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు ఫ్రెదెస్విందా లేచింది. విడిచిన చెప్పులు వేలికి తగిలించుకుని, బీర్లున్న ఐసుపెట్టె దగ్గరకెళ్లి, దాన్ని ఇసుకలో బరబరా ఈడ్చుకుంటూ బస్సు వైపు బయల్దేరింది. తొమసీన్ పరుగెత్తి రెండో పెట్టె ఎత్తాడు. నీళ్లలో కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరూ ఒకేసారి లేచారు.

ఆ మధ్యాహ్నం దారిని నెరెయ్‌దా జీవితంలో మర్చిపోలేదు. కొండచరియల మీద తురాయిచెట్లు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. ఒక్కో మలుపు రాబోతుంటే ఆమె గేరు తగ్గించి, వెనక్కి చూడకుండానే ఇప్పుడు చూడండి అనేది. చూసేవాళ్లు. చిచీ స్పీకరులో బచాతా పాట పెట్టాడు. ఆమె కాదనలేదు. తడిబట్టల్లో ఉన్న ఆడవాళ్లు సీట్ల మధ్య నిలబడి నడుములు తిప్పారు. గస్పార్ ఎర్నాందెస్ ఊరు దాటాక బస్సు సముద్రానికి వీపు తిప్పి కొండెక్కడం మొదలెట్టింది.

ఎక్కుతోంది, ఎక్కుతోంది. పాట ఆగిపోయింది. ఎవరో ఆవలించారు. అయిపోయిందా అక్కా, ఇక ఇంటికేనా అని చిచీ అడిగాడు. తొమసీన్ అప్పటికే కళ్లు మూసుకున్నాడు. నెరెయ్‌దా గేరు మార్చింది. కనుమ దాటింది, మలుపు తిప్పింది, బస్సు ఓరగా ఆపి ఇంజిను కట్టేసింది.

సిబావో లోయ అంచు నుంచి అంచుదాకా కిందుంది. పొలాల గళ్లు, పొగాకు సాలలు, తెల్లటి చర్చి గోపురాలు, మెరిసే కాలవలు, దూరాన నీలిరంగు కొండల వరస. ఎండ అన్నిటి మీదా పక్కవాటుగా పడి చెట్టుచెట్టుకూ పొడుగాటి నీడ గీసింది. జనం ఒక్క వూపున ఒకే పక్కకు ఒరిగేసరికి బస్సు కూడా ఒరిగింది. కూర్చోండ్రా, బస్సు బోల్తా కొడుతుంది అని తొమసీన్ కళ్లు తెరవకుండానే అరిచాడు. అందరూ గోలగోలగా కిందికి దిగారు. ఒకతను లోయలో తన తమ్ముడి ఊరెక్కడో చూపిస్తానని పందెం కాసి మూడు ఊళ్లు చూపించాడు. కొత్తగా పెళ్లయిన జంట రాయి మీదెక్కి ఫోటోలు దిగింది.

చిచీ నెరెయ్‌దా పక్కకొచ్చి నిలబడ్డాడు. మెచ్చుకుంటాడేమోనని ఆమె చూసింది. అతను లోయను చూశాడు, వెనకనున్న ఖాళీ స్థలాన్ని చూశాడు.

"ఇక్కడ వేయించిన పందితోలు అమ్మేవాడొకడు ఉండాలక్కా. అదొక్కటే లోటు" అన్నాడు.

అతని నోటికి అంతకుమించిన మెప్పు రాదని ఆమెకు తెలుసు.

రాత్రి హరబకోవాలో ఒక చర్చి హాలులో పరుపులు వేసుకుని పడుకున్నారు. తెల్లవార్లూ వాన కురిసింది. పొద్దున కాఫీ దగ్గర కబురొచ్చింది. కొన్‌స్తాన్సా దారిలో ఎల్ రియో ఊరికి ఇవతల కొండచరియ జారి రోడ్డు మీద పడింది. జనం ముఖాలు చూసుకున్నారు. చూడవలసింది చూసేశాం, పెద్దరోడ్డు పట్టుకుని ఇంటికి పోదాం అన్నవాళ్లే ఎక్కువ. అబెలార్దో తాత అప్పటికే కాఫీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న ఉన్నిటోపీ చెవులమీదికి లాక్కుని, బస్సు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

నెరెయ్‌దా అందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. దారి ఎలా ఉందో తనకు తెలియదు. అక్కడిదాకా వెళ్లి, దిగి, కళ్లతో చూస్తుంది. బాగాలేదనిపిస్తే మారుమాట లేకుండా వెనక్కి తిప్పుతుంది. ఇష్టం లేనివాళ్లు ఇక్కడి నుంచే వేరే బస్సెక్కవచ్చు, చార్జీ తనదే. ఎవరూ కదలలేదు. తొమసీన్ మాత్రం మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏదో ప్రార్థన గొణిగాడు.

చరియ పడిన చోట సగం రోడ్డు ఎర్రమట్టి కింద ఉంది. మిగతా సగం లోయ అంచున ఉంది. అప్పటికే ఊరివాళ్లు పారలతో మట్టి తోస్తున్నారు. వాళ్లు చూస్తుండగానే క్యాబేజీలు నింపుకున్న ఒక లారీ అటువైపు నుంచి నెమ్మదిగా దాటి వచ్చింది. నెరెయ్‌దా ఆ లారీ టైరు జాడల్లోనే నడుచుకుంటూ ఆ చివరికీ ఈ చివరికీ వెళ్లొచ్చింది. మడమతో నేల గుచ్చి చూసింది. పారలవాళ్లతో మాట్లాడింది. తర్వాత అందరినీ దింపి కొండపక్కగా నడిచి అటు వెళ్లమంది. జనం పొగమంచులో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, బురదలో చెప్పులు ఊడిపోతూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ దాటారు.

బస్సులో ఆమె ఒక్కతే మిగిలింది. ముందు ఎవరో ఒకరు నిలబడి చక్రాలు చూసి చెప్పాలి. తొమసీన్ ముందుకొచ్చాడు గానీ లోయ చూడగానే అతని మొహం పాలిపోయింది. చిచీ అతని భుజం పట్టి పక్కకు జరిపి, తనే లోయ అంచున నిలబడ్డాడు.

"నా చేతులు చూడక్కా, ఇంకేం చూడకు. రా. రా. కొంచెం ఎడమకి. చాలు. రా."

వెనక చక్రం ఒకచోట జారింది. బస్సు తోక లోయ వైపు కాస్త కదిలింది. నెరెయ్‌దా బ్రేకు మీద కాలు పెట్టలేదు. చిచీ రెండు చేతులూ తన వైపే లాగుతున్నాయి. ఆమె ఆ చేతుల్నే చూస్తూ, ఆక్సిలరేటరు సన్నగా తొక్కుతూ పోయింది. చక్రం గట్టినేల పట్టుకుంది. బస్సు బురద దాటి రోడ్డెక్కేసరికి పారలవాళ్లు కూడా పారలు కొట్టి సందడి చేశారు. చిచీ గట్టున కూలబడి చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. నెరెయ్‌దా బస్సు దిగి అతని నెత్తిన ఒక్కటి మొట్టింది. "ఒరేయ్, అంత అంచున నిలబడతావా?" ఆ తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

కొన్‌స్తాన్సా చేరేసరికి మంచు ఇంకా పూర్తిగా విడలేదు. చుట్టూ కొండలు, మధ్యలో బల్లపరుపు పొలాలు. వెల్లుల్లి వాసన, తడిమట్టి వాసన. పైన్ చెట్ల మీద నుంచి మబ్బు ముక్కలు జారుతున్నాయి. అబెలార్దో తాత అందరికన్నా చివర దిగాడు. గట్టుమీద నిలబడి, ముక్కుతో గాలి పీల్చి, నోరు తెరిచి వదిలాడు. సన్నటి తెల్లపొగ వచ్చింది. మళ్లీ వదిలాడు. మళ్లీ వచ్చింది. పక్కనున్నవాళ్లను పిలిచి చూపించాడు. వాళ్లూ ఊదారు. కాసేపట్లో ఆ బీచి జనమంతా పొలం గట్టు మీద వరసగా నిలబడి రైలింజన్లలా ఊదుతున్నారు.

"అమ్మాయ్, ఇది నాలోంచే వస్తోంది" అన్నాడు తాత. వణుకుతున్నాడు, కానీ దుప్పటి కప్పబోతే వద్దన్నాడు. ఈ చలి కోసమే ఇంత దూరం వచ్చాను కదా, కప్పేస్తే ఎలా అని విసుక్కున్నాడు.

ఫ్రెదెస్విందా వెల్లుల్లి జడలు బేరమాడి మెడలో దండలా వేసుకుంది. స్ట్రాబెర్రీలు బుట్టల కొద్దీ కొన్నారు. కసబీతో కనుమ దిగుతుంటే మబ్బులు రోడ్డుకు కింద ఉన్నాయి. తొమసీన్ ఒక్కసారి, ఒక్క కన్ను తెరిచి చూశాడు. సరిపోయిందన్నాడు. పెద్దరోడ్డెక్కాక అందరూ నిద్రపోయారు. ఈసారి నెరెయ్‌దాకు అది చివుక్కుమనలేదు.

మరుసటి ఏడు జూన్‌కు ఆమె బస్సులో సీట్లు దొరకలేదు. చిచీ తన పెద్దబస్సు బాగుచేయించుకుని వెనకాలే వచ్చాడు. ఇద్దరూ కలిసి విహారాలు నడుపుతున్నారు, కలిసి నడుపుతున్నారంటే రోజూ దెబ్బలాడుకుంటున్నారని అర్థం. కొండెక్కేటప్పుడు పాటలుండకూడదని ఆమె, ఉండాలని అతను. కనుమ మీద పందితోలు వేయించేవాడొకడు ఇప్పుడున్నాడు. వాణ్ణి మోకా నుంచి వెతికి పట్టుకొచ్చి కూర్చోబెట్టింది చిచీయే. అబెలార్దో తాత మూడుసార్లు వెళ్లాడు. నాలుగో ఏడు మోకాళ్లు సహకరించక ఇంట్లో ఉండిపోయాడు. తిరిగొచ్చిన వాళ్లందరినీ పిలిచి, ఈసారి పొగ ఎంత లావున వచ్చిందని అడిగాడు.

ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో నెరెయ్‌దాను దారి అడుగుతున్నారు. పెళ్లివారు, స్కూళ్లవాళ్లు, అమెరికా నుంచి సెలవులకొచ్చిన బంధువులు. ఎంత త్వరగా చేరాలి అని అడిగితే ఆమె పెద్దరోడ్డు చెబుతుంది. త్వరగా చేరక్కర్లేదు అన్నారంటే కుర్చీ జరుపుకుని కూర్చుంటుంది. వాళ్లు ఉదయం మనుషులా సాయంత్రం మనుషులా, వాళ్లలో కొండకు భయపడేవాళ్లున్నారా, ముసలివాళ్లున్నారా, ఎప్పుడు ఆకలేస్తుంది, అన్నీ అడుగుతుంది. అడిగి అడిగి వాళ్లకూ ఉబలాటం పుట్టిస్తుంది.

మొన్న ఒకరి జీపు అరువు తీసుకుని సాన్ హొసే దె ఒకోవా వైపు నుంచి కొన్‌స్తాన్సాకు రాళ్లదారిలో ఎక్కి చూద్దామని బయల్దేరింది. తొమసీన్ రానని గుమ్మంలోనే చేతులెత్తేశాడు. ఫ్రెదెస్విందా మాత్రం కుట్టుమిషనుకు గుడ్డ కప్పి, అన్నం డబ్బా చంకన పెట్టుకుని ముందుసీట్లో కూర్చుంది. సగం దారిలో వాగు అడ్డమొచ్చింది. ఆ దారి మినీబస్సుకు ఎన్నటికీ పనికిరాదని నెరెయ్‌దాకు అక్కడే తెలిసిపోయింది. వెనక్కి తిప్పుదామా అంది. ఇంతదూరం వచ్చాక తినకుండా తిప్పడమేమిటి అంటూ ఫ్రెదెస్విందా డబ్బా మూత తీసింది. ఇద్దరూ వాగులో కాళ్లు పెట్టుకుని, మేకమాంసం కూర కలుపుకుని తిన్నారు. అవతలి ఒడ్డున దారి ఎలా ఉంటుందో నడిచి చూద్దామని, బట్టలు మోకాళ్లపైకి ఎగదోపుకుని నీళ్లలోకి దిగారు.